ఒళ్ళు చేసిన మేలు: శరీరం పట్ల కృతజ్ఞత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నాను. నా దగ్గరకు వచ్చేవారు మొదటి రోజున నడుం నొప్పి గురించో, పట్టేసిన భుజం గురించో చెబుతారు. రెండో వారం, మూడో వారం గడిచేసరికి తమ ఒంటి మీద తమకున్న విసుగు గురించి చెప్పడం మొదలుపెడతారు. ఆ మాటల మధ్య మళ్లీ మళ్లీ వినిపించిన ప్రశ్నలను, వాటికి నేను ఇచ్చిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను. కొన్ని సమాధానాలు పొడవుగా ఉంటాయి, ఎందుకంటే ఆ ప్రశ్నలు అడిగేటప్పుడు మనుషులు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడుగుతారు.

శరీరం పట్ల కృతజ్ఞత అంటే, నేను అందంగా ఉన్నానని నన్ను నేను నమ్మించుకోవడమా?

కాదు. అందం ప్రసక్తి ఇందులో దాదాపు లేదు. కృతజ్ఞత అనే మాటను విడదీసి చూస్తే "కృతం" అంటే చేసినది, "జ్ఞ" అంటే తెలిసినవాడు. మనకు జరిగిన మేలు ఏమిటో ఎరిగి ఉండటమే దాని అర్థం. అది పొగడ్త కాదు, తెలివిడి. పదేళ్లు పొలం దున్నిన ఎద్దుకు ఒక కొమ్ము వంకరగా ఉన్నంత మాత్రాన రైతు దాని చాకిరీని మరిచిపోడు. కొమ్ము వంకర లేదని తనను తాను నమ్మించుకోవలసిన అవసరమూ అతనికి లేదు.

అద్దంలో చూసుకుని "బాగానే ఉన్నాను" అనుకోవడం ఒక అభిప్రాయం. రాత్రి నిద్ర చాలకపోతే, పెళ్లిలో ఎవరో ఒక మాట అంటే, ఆ అభిప్రాయం మారిపోతుంది. "లిఫ్టు పనిచేయని రోజున ఈ కాళ్లు నన్ను నాలుగో అంతస్తుకు ఎక్కించాయి" అన్నది జరిగిన సంగతి, దానిని ఎవరూ మార్చలేరు. మనసు శాస్త్రంలో కూడా చాలాకాలం శరీరం మీద అసంతృప్తినే ఎక్కువగా కొలిచేవారు. శరీరాన్ని మెచ్చుకోవడాన్ని విడిగా కొలిచే ప్రశ్నావళిని అమెరికా పరిశోధకులు 2005లో ప్రచురించారు. 2015లో దానిని 10 వాక్యాలతో సవరించారు. తిట్టుకోకపోవడం ఒక సంగతి, ఆదరించడం మరొక సంగతి అని గుర్తించడమే అందులో నాకు నచ్చిన విషయం.

శరీరమంటే నేనే కదా, నాకు నేను కృతజ్ఞత చెప్పుకోవడం వింతగా లేదా?

వింతగానే ఉంటుంది, కానీ మన భాషకు ఈ వింత కొత్త కాదు. ఒళ్ళు వంచి పనిచేయమంటాం, ఒళ్ళు దాచుకోవద్దంటాం, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడమంటాం, ఒళ్ళు హూనం చేసుకున్నామంటాం. ఈ మాటలన్నిటిలోనూ ఒళ్ళు మనకు కొంచెం ఎడంగా, మన కింద పనిచేసే మనిషిలా నిలబడి ఉంటుంది. ఇన్ని పలుకుబళ్లలో దానిని పనిలోకి దింపే మాటలే ఎక్కువ, దాని బాగోగులు అడిగే మాటల కోసం వెతికితే "ఒంట్లో ఎలా ఉంది?" అన్నది ఒకటి దొరుకుతుంది, దానిని కూడా ఎదుటివారినే అడుగుతాం తప్ప మనల్ని మనం అడగం. దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు బండికి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే మనిషికి, ఆ బండిని ఏడాది పొడుగునా పట్టిన మణికట్టు గుర్తుకు రావాలంటే అది నొప్పి పెట్టాలి.

శరీరం ప్రతిరోజూ నిజంగా ఏం చేస్తోంది?

ఈ ప్రశ్నకు అంకెల్లో సమాధానం చెప్పవచ్చు, అయితే అంకెలు విని ఆశ్చర్యపోయి మరిచిపోవడం తేలిక గనుక ఒక్కొక్కదాన్ని మీ రోజుతో కలిపి చూడమని కోరుతున్నాను. గుండె రోజుకు సుమారు 1 లక్ష సార్లు కొట్టుకుంటుంది. మీరు దానిమీద అలిగి మాట్లాడని రోజున కూడా ఆ లెక్క తగ్గదు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో 1 నుంచి 2 లీటర్లు మాత్రమే బయటకు పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు తొమ్మిది వరుసగా పేర్చి చూస్తే ఆ పని ఎంతో తెలుస్తుంది. అదీ పిడికిలంత అవయవాలు రెండు చేసే పని. ఎర్ర రక్తకణం ఒకటి సుమారు 120 రోజులు బతుకుతుంది, అంటే ఉగాదికి మీ ఒంట్లో తిరిగిన ఎర్ర కణాలు దసరా నాటికి దాదాపు ఏవీ ఉండవు. వాటి స్థానంలో ఎముక మజ్జ కొత్తవాటిని పంపి ఉంటుంది.

నా వృత్తి రీత్యా నాకు పాదం మీద పక్షపాతం ఉంది. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. శరీరంలోని మొత్తం 206 ఎముకల్లో నాలుగో వంతు రెండు పాదాల్లోనే ఉన్నాయన్నమాట. తడి బాత్రూములో కాలు జారబోయి మీరు ఆగిన ప్రతిసారీ, మీకు ఆ సంగతి తెలిసేలోపే పాదం, చీలమండ, తుంటి, లోపలి చెవి కలిసి ఒక నిర్ణయం తీసుకుని అమలు కూడా చేసేస్తాయి. మనం గోడ పట్టుకుని "అమ్మయ్య" అంటాం, ఆ అమ్మయ్య ఎవరికి చెందాలో ఆలోచించం.

దీన్ని ఎలా మొదలుపెట్టాలి? రోజూ డైరీ రాయాలా?

రాస్తే మంచిదే. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కల్లో అనే అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు పది వారాల పాటు వారానికి ఒకసారి తమకు కృతజ్ఞత కలిగించిన విషయాలు రాశారు, మరికొందరు చిరాకు పెట్టినవి, ఇంకొందరు మామూలు సంఘటనలు రాశారు. మొదటి గుంపువారు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నామని చెప్పడమే కాక, చిరాకులు రాసినవారికంటే ఒంటి బాధలు తక్కువగా చెప్పుకున్నారు, వ్యాయామం ఎక్కువసేపు చేశారు. గమనించవలసినదేమిటంటే, వారు రాసింది రోజూ కాదు, వారానికి ఒకసారే. కాబట్టి నాలుగు రోజులు రాసి మానేసిన వాళ్లు తమను తాము తిట్టుకోనవసరం లేదు.

ఎలా రాయాలన్నది ఎంత తరచుగా రాయాలన్నదాని కంటే ముఖ్యం. "నా చేతులకు ధన్యవాదాలు" అన్న వాక్యం చేతులకూ అందదు, మనసుకూ అందదు. "ఈరోజు సాయంత్రం చింతపండు పులుసు పిండిన చెయ్యి" అని రాస్తే అందుతుంది. ఒక అవయవం, అది చేసిన ఒక పని, అది జరిగిన చోటు: ఈ మూడూ ఉంటే చాలు.

ఒక ఉదాహరణ చెబుతాను. యాభై దాటిన ఒక ఆవిడ భుజం పట్టేసి నా దగ్గరకు వచ్చారు. షుగర్ ఉన్నవారికి ఈ బాధ ఎక్కువగా వస్తుంది, తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. చెయ్యి వెనక్కి పోక ఆమె జడ వేసుకోవడం మానేశారు. కోడలిని అడగడం ఇష్టంలేక జుట్టు కత్తిరించుకుందామనుకున్నారు. బ్రా హుక్కులు ముందు పెట్టుకుని తిప్పుకోవడం నేర్చుకున్నారు. వారం వారం గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం చేయించేవాడిని, పెన్సిలుతో గీత పెట్టేవాడిని. నాలుగో నెలలో ఒకరోజు ఆమె చెయ్యి మెడ వెనక్కి వెళ్లి, వేళ్లకు జడ మొదలు తగిలింది. ఆమె అక్కడే ఆగి, జుట్టును మూడు పాయలు చేసి, రెండు మెలికలు వేసి, నొప్పికి ఆపేశారు. అంతకుముందు ఏళ్ల తరబడి రోజూ వేసుకున్న జడ అది. ఆరోజు ఆమె డైరీ ఏమీ రాయలేదు, కానీ నేను చెప్పదలచుకున్న కృతజ్ఞత అదే. దాని కోసం భుజం పట్టేసే దాకా ఆగకుండా ఉండటానికే ఈ రాతలు.

రాయడం అలవాటు లేనివారికి శవాసనం చాలు. పడుకుని, కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఒక్కో చోట ధ్యాస నిలిపి, ఆ చోటు ఈరోజు ఏం చేసిందో గుర్తు చేసుకోండి. మోకాలి దగ్గరకు వచ్చేసరికి నిద్రపడితే నష్టమేమీ లేదు.

అద్దంలో చూసుకున్నా, సెల్ఫీ తీసుకున్నా లోపాలే కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

సెల్ఫీ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అందులో మీ తప్పు కొంచెం, కెమెరా తప్పు ఎక్కువ. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న ఫోను, ముక్కును 1.5 మీటర్ల దూరం నుంచి తీసినదానికంటే సుమారు 30 శాతం వెడల్పుగా చూపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కకట్టారు. దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపించడం కాంతి ధర్మం. మీ ఎదురుగా కూర్చుని మాట్లాడేవారెవరూ మీ ముక్కును ఆ వెడల్పుతో చూడలేదు.

అద్దం విషయంలో నేను ఇచ్చే సలహా చిన్నది. అద్దం ముందు ఒక పని పెట్టుకోండి: తల దువ్వడం, బొట్టు పెట్టుకోవడం, గడ్డం గీసుకోవడం. పని అయ్యాక పక్కకు రండి. పని లేకుండా నిలబడితే అద్దం తనిఖీ అధికారి అవుతుంది, తనిఖీకి వచ్చిన అధికారి తప్పు పట్టకుండా వెళ్లడం మనమెప్పుడైనా చూశామా?

నేను నల్లగా ఉంటాను. చిన్నప్పటి నుంచి విన్న మాటల తర్వాత ఈ చర్మాన్ని ఎలా మెచ్చుకోను?

మొదట ఆ మాటలు ఎక్కడ దాక్కున్నాయో చూడండి. తెలుగులో "పిల్ల ఎర్రగా ఉంది" అంటే రంగు ఎరుపని కాదు, తెల్లగా ఉందని మెచ్చుకోవడం. "చామనచాయ" అని పెళ్లి ప్రకటనలో రాయించేటప్పుడు తండ్రి గొంతులో క్షమాపణ వినిపిస్తుంది. కడుపుతో ఉన్న కోడలికి పాలలో కుంకుమపువ్వు కలిపి ఇవ్వడం ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉంది. ఆ పాలు రుచిగా ఉంటాయి, బిడ్డ రంగును మాత్రం తల్లిదండ్రుల జన్యువులే నిర్ణయిస్తాయి. చివరకు ఓదార్పుగా చెప్పే "నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెత మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది: నారాయణుడి సిఫార్సు అవసరమయ్యేంత నేరం ఇందులో ఏముంది?

ఇక చర్మం సంగతి. రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాల సంఖ్య తెల్లవారిలోనూ నల్లవారిలోనూ దాదాపు సమానమే. ఆ కణాలు ఎంత మెలనిన్‌ను, ఏ రకాన్ని తయారుచేస్తాయన్నదే తేడా. మెలనిన్ సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని లోపలి కణాల జన్యుపదార్థాన్ని కాపాడుతుంది. గర్భంలో బిడ్డ ఎదుగుదలకు అవసరమైన ఫోలేట్ అనే విటమిన్ ఎండకు నశించకుండా కూడా అది అడ్డుపడుతుందని, ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో నల్లని చర్మం నిలబడటానికి అదొక ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం బయట పనిచేసే మనిషికి ఇంతకంటే పనికొచ్చే గొడుగు మరొకటి లేదు.

ఈ గొడుగును తీసేయడానికి మనం పెట్టిన ఖర్చు తక్కువ కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశపు మార్కెట్లోకి 1975లో వచ్చింది. "ఫెయిర్" అనే మాట దాని పేరులోంచి పోవడానికి 2020 దాకా పట్టింది. అంతకంటే ప్రమాదకరమైనవి మందుల షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటివి మొదటి వారాల్లో ముఖాన్ని తేటగా చూపించి, తర్వాత చర్మాన్ని పలచబరిచి, రక్తనాళాలు పైకి కనిపించేలా చేసి, మొటిమలనూ అవాంఛిత రోమాలనూ తెచ్చిపెడతాయి. మానేస్తే ముఖం మండిపోతుంది గనుక మానలేక వాడుతూనే ఉంటారు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల మీద నిబంధన బిగించింది. మీరు ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యులను కలవండి.

మెచ్చుకోవడం ఎలా అని అడిగారు. రంగును మెచ్చుకోవలసిన పని లేదని నా అభిప్రాయం. నిన్న కూరలు తరుగుతూ తెగిన వేలిని ఈరోజు చూడండి. అంచులు దగ్గరకు వచ్చి, పైన పెచ్చు కట్టి, కింద కొత్త చర్మం అల్లుకుంటూ ఉంటుంది. మెచ్చుకోవడానికి అది చాలు.

కాన్పు తర్వాత నా శరీరం నాది కానట్టుగా ఉంది. పాత ఒళ్ళు ఎప్పుడు తిరిగి వస్తుంది?

కొంత వస్తుంది, కొంత రాదు. రెండూ ముందే తెలియడం మంచిది. మామూలుగా 60, 70 గ్రాములుండే గర్భసంచి నెలలు నిండేసరికి సుమారు 1 కిలో అవుతుంది, ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. కాన్పు తర్వాత దాదాపు ఆరు వారాల్లో గర్భసంచి మళ్లీ పాత పరిమాణానికి దగ్గరగా కుదించుకుంటుంది. తొమ్మిది నెలలు పెంచినదాన్ని ఆరు వారాల్లో సర్దుకున్న అవయవం అది, అయినా బయటికి కనిపించే పొట్టనే అందరూ లెక్కపెడతారు. పొట్ట మీద నిలువుగా ఉండే రెండు కండర పట్టీలు కడుపుతో ఉన్నప్పుడు పక్కలకు జరుగుతాయి. చాలామందిలో నెలల్లో దగ్గరకు వస్తాయి, కొందరిలో ఎడం మిగిలిపోయి ఎప్పటికీ "ఇంకా ఐదో నెలలా ఉందే" అనిపించుకుంటారు. నడుముకు చీర గట్టిగా కట్టడం ఆసరాగా హాయినిస్తుంది, కానీ అది కండరానికి బలమివ్వదు. దానికి ఊపిరితో కలిపి చేసే వ్యాయామాలు వేరే ఉన్నాయి, వాటిని నేర్చుకుని చేయాలి. తొందరపడి, వెల్లకిలా పడుకుని నేరుగా లేచి కూర్చునే వ్యాయామాలు మొదలుపెట్టకండి.

సాగిన చారలు మాత్రం పూర్తిగా పోవు. చర్మపు లోపలి పొర సాగి చిట్లి మానిన గుర్తులవి. మొదట ఎర్రగానో ఊదాగానో ఉండి క్రమంగా పాలిపోతాయి. పోగొడతామని చెప్పే నూనెలకు పెట్టే డబ్బుతో ఇంట్లో ఒక గంట పనికి మనిషిని పెట్టుకుని ఆ గంట నిద్రపోవడం మేలని బాలింతలకు చెబుతుంటాను.

కోత గురించి కూడా ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లే, దేశంలో అదే అత్యధికం. అన్ని కోతలు అవసరమా అన్న ప్రశ్న ఆసుపత్రులను అడగవలసినది, ఆ ప్రశ్నను తప్పకుండా అడగాలి. కానీ "నొప్పులు పడి కనలేదు కదా" అని ఆ తల్లినే చులకన చేసేవారికి, ఏడు రోజుల కుట్లతో మంచం మీద నుంచి పక్కకు ఒరిగి, మోచేతి మీద లేచి, ఏడుస్తున్న బిడ్డను అందుకోవడం ఎలా ఉంటుందో తెలియదు.

బరువు తగ్గాలనుకోవడం ఈ కృతజ్ఞతకు విరుద్ధమా?

విరుద్ధం కాదు. ఎద్దుకు దాణా మార్చే రైతు ఎద్దును అసహ్యించుకుంటున్నట్టు కాదు. అయితే ఏ లెక్కతో తగ్గుతున్నారో తెలుసుకోండి. అందరూ చెప్పే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) సూత్రం బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ క్వెట్లే 19వ శతాబ్దంలో జనాభా సగటును అర్థం చేసుకోవడానికి తయారుచేసినది. ఆ పేరు మాత్రం 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. ఒక మనిషి ఒంట్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో అది చెప్పదు. మనవారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వచ్చే లక్షణం ఉంది గనుక భారతీయులకు బీఎంఐ 23 దాటగానే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. కాబట్టి "నా ఒళ్ళు నాకు ఇష్టం" అంటూ రక్తపరీక్షను వాయిదా వేయడం కూడా నేను ఒప్పుకోను.

బరువు తగ్గడం వల్ల మోకాలికి కలిగే ఊరట నాకు రోజూ కనిపిస్తుంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారి మీద జరిగిన ఒక అధ్యయనంలో, తగ్గిన ప్రతి కిలోకు ఒక్కో అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల చొప్పున తగ్గిందని తేలింది. మోకాలి మీద జాలితో నడిచేవారు, చీర కుచ్చిళ్లు సన్నగా కనిపించాలని నడిచేవారికంటే ఎక్కువకాలం నడక కొనసాగించడం నా అనుభవం.

ఇవన్నీ ఆడవారి సమస్యలు కావా?

కావు, మగవారు చెప్పుకోరంతే. బట్టతల, పొట్టి, బక్కపలచన, వీటిమీద స్నేహితులు వేసే జోకులకు అందరికంటే ముందు తానే నవ్వే మనిషి నా దగ్గర బల్లమీద పడుకున్నప్పుడు ఆ నవ్వు వెనక ఏముందో చెబుతాడు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెన చూసి బెంబేలు పడవద్దు. కండల కోసం జిమ్ములో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ వేసుకునే కుర్రవాళ్ల సంగతి మాత్రం వేరు: మగ హార్మోను బయటనుంచి అందితే శరీరం సొంతంగా తయారుచేయడం మానేస్తుంది, వృషణాలు చిన్నవవుతాయి, పిల్లలు పుట్టడం కష్టమవుతుంది. ఆ సంగతి ఇంజెక్షన్ ఇచ్చినవాడు చెప్పడు.

బంధువులు ఎదురుగానే "ఇంత లావయ్యావేంటి", "ఇలా చిక్కిపోయావేంటి" అంటుంటే ఏం చెప్పాలి?

మనవారిలో ఇది సగం పలకరింపు. చాలాకాలానికి చూసినప్పుడు ఏదో ఒకటి అనాలి, కళ్లకు మొదట కనిపించేది ఒళ్ళు. కాబట్టి ప్రతి మాటనూ యుద్ధంగా తీసుకోనవసరం లేదు. "అవును పిన్నీ, కొంచెం ఒళ్ళు చేశాను. మీ మోకాలు ఇప్పుడెలా ఉంది?" అంటే తొంభై పాళ్లు సంభాషణ మోకాలి మీదికి మళ్లి, భోజనాల దాకా అక్కడే ఉంటుంది. మళ్లీ మళ్లీ అనేవారికి, ముఖ్యంగా పిల్లల ముందు అనేవారికి, పక్కకు తీసుకువెళ్లి "అత్తయ్యా, ఆ మాట పిల్ల ముందు అనకండి, రాత్రి అన్నం తినడం లేదు" అని నేరుగా చెప్పండి. చాలామందికి తమ మాట కంచం దాకా వెళ్లిందని తెలియదు.

జబ్బుతోనో వైకల్యంతోనో బాధపడేవారికి కూడా కృతజ్ఞత గురించి చెప్పడం న్యాయమేనా?

చెప్పడం కాదు, వారు అడిగితే మాట్లాడటం న్యాయం. తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల మనుషులు వంగిపోతున్నారన్న సంగతి మన దేశంలో మొదట నమోదైనది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరాల తరబడి పిల్లల పళ్లు గారకట్టాయి, ఎముకలు వంకరపోయాయి, వెన్ను బిగిసిపోయింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు అన్నది మన ప్రమాణం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను విరిచే పద్ధతికి ప్రపంచమంతటా "నల్గొండ పద్ధతి" అని పేరు, కానీ నల్గొండ మనిషి మాత్రం నది నీళ్ల కోసం దశాబ్దాలు కొట్లాడవలసి వచ్చింది. అలా వంగిన వెన్నుతో ఉన్న మనిషికి "నీ శరీరానికి కృతజ్ఞతతో ఉండు" అని చెప్పబోయేవాడు ముందు ఆ ఊరి బోరునీళ్లు ఒక గ్లాసు తాగాలి.

శరీరం పట్ల కృతజ్ఞత ఉండటం, శరీరానికి జరిగిన అన్యాయం మీద కోపం ఉండటం ఒకదానికొకటి అడ్డు కావు. నిజానికి తన ఒళ్ళు విలువైనదని ఎరిగిన మనిషికే దానిని పాడుచేసినవారిని నిలదీయాలనిపిస్తుంది. పక్షవాతం వచ్చినవారి విషయంలోనూ నేను ఇదే పాటిస్తాను. పోయిన చేతిని మెచ్చుకోమని అడగను. రెండు చేతుల పని నేర్చుకుంటున్న ఎడమ చేతిని ఇద్దరం కలిసి చూస్తాం, కొన్ని రోజులు అదీ చూడబుద్ధి కాదు, ఆ రోజుల్లో వ్యాయామం చేసుకుని వెళ్లిపోతారు.

పిల్లలకు దీన్ని ఎలా నేర్పాలి?

మీ ఒంటి గురించి మీరు ఏమంటున్నారో పిల్లలు వింటారు. చీర కట్టుకుంటూ "ఛీ, ఈ పొట్ట" అని తల్లి రోజూ అంటే, కూతురికి వేరే పాఠం చెప్పనక్కర లేదు. బొండాం, కర్రోడా, పుల్ల అనే ముద్దుపేర్లు మానండి. తలంటు పోసేటప్పుడు, నలుగు పెట్టేటప్పుడు ఒక్కో అవయవాన్ని అది చేసే పనితో పిలవండి: గోడ దూకిన కాళ్లు, గాలిపటం ఎగరేసిన చేతులు. కుంకుడురసం కంట్లో పడి ఏడుస్తున్నప్పుడు కాదు, కొంచెం ముందు.

ఈ విసుగు మామూలు స్థాయి దాటిందని ఎలా తెలుస్తుంది?

తినగానే వాంతి చేసుకోవడం, రోజుల తరబడి పస్తులుండటం, ఎవరికీ కనిపించని లోపం కోసం గంటల కొద్దీ అద్దం చూసుకోవడం, ముఖం దాచుకుని కాలేజీకో పనికో వెళ్లడం మానేయడం, చనిపోవాలనిపించడం కనిపిస్తే అది డైరీతో తీరే సంగతి కాదు. మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

వయసు పైబడ్డాక, అంతా అరిగిపోయాక, ఇక మెచ్చుకోవడానికి ఏం మిగులుతుంది?

"అరుగుదల" అన్న మాటను స్కానింగు కాగితంలో చదివినప్పటి నుంచి చాలామంది తమను తాము పాత యంత్రంగా చూసుకుంటారు. యంత్రం అరిగితే అరిగినట్టే. కండరం మాత్రం డెబ్బై ఏళ్లకైనా వ్యాయామానికి బలపడుతుంది. ఇది నేను రోజూ చూసే సంగతి.

మా అమ్మకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది. రెండేళ్ల కిందట చెప్పులో గులకరాయి ఉన్నా తెలియక సంతకు వెళ్లి వచ్చింది. అరికాలికి స్పర్శ తగ్గిందని అప్పుడు బయటపడింది. అలాంటివారు వట్టి కాళ్లతో నడవకూడదు, వేన్నీళ్లను పాదంతో కాక మోచేత్తో చూసుకోవాలి, ప్రతి రాత్రి అరికాళ్లను పరీక్షించుకోవాలి. అమ్మ వంగి చూసుకోలేకపోయింది గనుక నేలమీద చేతి అద్దం పెట్టి, దాని మీదుగా పాదం ఎత్తి చూపించాను. మడమ చుట్టూ పగుళ్లు, వాటిలో ఎంత తోమినా పోని నల్లరేగడి గీతలు, బొటనవేలి కింద దళసరి చర్మం. ఆమె చాలాసేపు చూసింది. "అరవై ఎనిమిదేళ్లొచ్చాయిరా, నా అరికాలు నేనెప్పుడూ చూళ్లేదు" అంది. తర్వాత పగుళ్లను వేలితో చూపిస్తూ, ఇది ఫలానా చేలో మిరపకాయలు కోసిన ఏడు, ఇది మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మెట్లు ఎక్కి దిగిన నెల అని చెప్పుకుంటూ పోయింది. వాటిలో ఎన్ని నిజమో నేను అడగలేదు. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి అద్దం ఆమే తెచ్చుకుంటుంది, నేను టార్చి పట్టుకుంటాను.